ఎవరి అతుకు వాళ్ళే గీకాలి

ఇల్లరికం వచ్చినవాడి మాట పొయ్యి దగ్గర కూడా చెల్లదని నాకు ఆ చలికాలంలో తెలిసింది. అంతకుముందు ఎక్కడ చెల్లిందని అడిగితే చెప్పలేను గానీ, చెల్లుతుందన్న భ్రమ మాత్రం ఉండేది.

పొయ్యి అంటే వంటపొయ్యి కాదు. ముందుగదిలో గోడకి కాస్త ఎడంగా నిలబడి ఉండే పెద్ద స్టీలు పెట్టె. నాలుగు కాళ్ళు, ముందువైపు తలుపు, వెనకనుంచి పైకప్పులోకి పోయే పొగగొట్టం. కట్టెలు వేసి తలుపు మూస్తే ఇల్లంతా వెచ్చబడుతుంది. చలి ముదిరాక ఆ ఇంట్లో అందరి బతుకూ దాని చుట్టూనే. తడిబట్టలు దాని పక్కనే ఆరాలి, నీళ్ళు దాని మీదే కాగాలి, పాప దాని ఎదురుగానే పాకాలి. నా భార్య పుట్టిన ఏడు మామయ్య మందపాటి స్టీలు పలకలు కోసి, వెల్డింగు చేసి, తన చేతులతో దాన్ని తయారుచేశాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ టీ ఇవ్వకముందే ఆ సంగతి చెప్తాడు. కూతురికీ పొయ్యికీ ఒకటే వయసు. ఇద్దరిలో ఎవరి మీద ప్రేమ ఎక్కువో నా భార్యకి ఇప్పటికీ అనుమానమే.

చలి పూర్తిగా ముదరకముందే ఒక ఉదయం పాప కళ్ళు నులుముకుంటూ ఏడుపు మొదలుపెట్టింది. గదిలో పొగ వాసన. పొయ్యి తలుపు సరిగ్గా పడలేదేమోనని చూశాను. పడే ఉంది. తలుపు చట్రం పైమూల నుంచి వెంట్రుకంత పగులు ఒకటి ఏటవాలుగా పైకి పాకింది. దాని అంచులు మసిపట్టి ఉన్నాయి. పొయ్యి కాగినప్పుడల్లా ఆ పగులు కొంచెం విచ్చుకుంటోంది, అందులోంచి సన్నగా పొగ వస్తోంది.

పాపకి అప్పటికి ఏడాది నిండలేదు. పుట్టినప్పటి నుంచీ ఛాతీ బలహీనం. చల్లగాలి తగిలితే పిల్లికూతలు, పొగ తగిలితే ఇంకా ఎక్కువ. "ఈ చలికాలం జాగ్రత్తగా గట్టెక్కించండి. వెచ్చగా ఉంచాలి, పొగ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. మా ఖర్మకి ఆ రెండూ ఒకే పెట్టెలోంచి వస్తున్నాయి.

నేను వెల్డర్ని. మామయ్య షెడ్డులోనే పని. గేట్లు, కిటికీ గ్రిల్స్, నీళ్ళ ట్యాంకులు చేస్తాం. ఇలాంటి పగులు పూడ్చడం నాకు ఒక పూట పని. చెయ్యనిస్తే.

"మామయ్యా, సాయంత్రం చిన్న మిషను ఇంటికి తెస్తాను. పొయ్యి సంగతి నేను చూస్తా" అన్నాను.

"నా పొయ్యి నేను చూసుకుంటాలే అల్లుడూ" అన్నాడు, స్వెట్టరు బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంటూ. "నువ్వు కట్టెలు కొట్టు."

కట్టెలు కొట్టాను.

సాయంత్రం ఆయనే మిషను తెచ్చాడు. ఆడవాళ్ళనీ పాపనీ వంటింట్లోకి పంపి, చల్లారిన పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడి లైటు పట్టుకున్నాను. పగులు పూడ్చేటప్పుడు ముందు దాని కొస ఎక్కడుందో కనిపెట్టి అక్కడ చిన్న కన్నం పెట్టాలి. పగులు ఆ కన్నం దాకా వచ్చి ఆగిపోతుంది. కన్నం పెట్టకపోతే ఎంత వెల్డింగు చేసినా పక్కనుంచి పాకుతూనే ఉంటుంది. ఇది నాకు నేర్పింది ఆయనే. అలాంటిది, ఆ రోజు ఆయన కన్నం పెట్టింది పగులు కొసకి వేలెడు ఎడంగా.

"మామయ్యా, కొస ఇంకొంచెం ఇటు..."

"లైటు సరిగ్గా పట్టుకో."

"పట్టుకునే ఉన్నాను. కన్నం..."

"నువ్వు పుట్టకముందు నుంచి కన్నాలు పెడుతున్నా" అని నల్లద్దం మొహం మీదికి లాక్కున్నాడు. వెల్డింగు రాడ్డు పలకకి అతుక్కుపోయింది. విదిలించి లాగాడు. మళ్ళీ అతుక్కుపోయింది. "ఈ రాడ్లు తడిశాయి. షెడ్డులో ఎవడికీ బాధ్యత లేదు" అని నన్ను కూడా కలిపి తిట్టాడు. రాడ్లు బాగానే ఉన్నాయని నాకు తెలుసు. ఉదయం వాటితోనే గేటు చేశాను. అయినా నోరు మూసుకున్నాను. అప్పటికే నోరు మూసుకోవడంలో నాది ఆరితేరిన చెయ్యి.

వారం తిరక్కుండానే పొగ మళ్ళీ వచ్చింది. ఈసారి పగులు ఆయన వేసిన అతుకు పక్కనుంచి, ఆయన పెట్టిన కన్నాన్ని దాటుకుని, ఇంకా పైకి పోయింది.

*

మా షెడ్డుకి ఒక పద్ధతి ఉంది. ఎవరి అతుకు వాళ్ళే గీకాలి. ఒకరు చేసిన వెల్డింగు సరిగ్గా రాకపోతే ఇంకొకరు దాని మీద చెయ్యి వెయ్యకూడదు. గ్రైండరుతో దాన్ని గీకేసి మళ్ళీ వెయ్యాల్సింది మొదట వేసినవాడే. తప్పు కనిపెట్టినవాడి పనల్లా సుద్దముక్కతో అక్కడ సున్నా చుట్టి, గ్రైండరు తెచ్చి పక్కన పెట్టి, నోరెత్తకుండా వెళ్ళిపోవడమే. తిట్టకూడదు, నవ్వకూడదు, సాయం అసలే చెయ్యకూడదు. ఈ పద్ధతి పెట్టింది మామయ్యే. నేను చేరిన కొత్తలో నా పని నిండా సున్నాలే. అన్ని సున్నాలు చుట్టించుకుని కూడా పారిపోనివాడు అల్లుడిగా పనికొస్తాడని మేస్త్రి నాకు పిల్లనిచ్చాడని మా సుత్తి అందరికీ చెప్తుంటాడు.

సుత్తి అంటే షెడ్డులో నాతోపాటు పనిచేసేవాడు. చేతిలో సుత్తి ఉన్నా లేకపోయినా నోటితో కొడుతూనే ఉంటాడు కాబట్టి ఆ పేరు.

"ఏంట్రా, పొగచూరిన మొహం వేసుకొచ్చావ్?" అన్నాడు ఆ రోజు.

చెప్పాను. వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"వెళ్ళి సున్నా చుట్టు" అన్నాడు.

"నువ్వు చుట్టు."

"నాకు పెళ్ళాం పిల్లలున్నార్రా బాబూ."

"నాకూ ఉన్నారు. ఆ పెళ్ళాం ఆయన కూతురే. నా బాధంతా అదే."

మేస్త్రి అతుకుకి సున్నా చుట్టడమనేది మా షెడ్డులో ఎన్నడూ జరగలేదు. అవసరం రాలేదు. ఆయన అతుకు మీద వేలు పెట్టి జరిపితే ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. కాకపోతే ఆ ఏడాది ఆయన పెద్దగా రాడ్డు పట్టింది లేదు. సన్నపని ఏదొచ్చినా "ఇవి మీలాంటి కుర్రాళ్ళు చెయ్యాల్సినవి" అని మా మీదికి తోసేసి, స్టూలు మీద కూర్చుని వెల్డింగు చప్పుడు వింటూ ఉండేవాడు. పెద్దరికం వెలగబెడుతున్నాడని మేం వెనకాల గొణుక్కునేవాళ్ళం.

ఆయన పొయ్యికి మళ్ళీ వెల్డింగు చేశాడు. మళ్ళీ పగిలింది. ఈసారి మందంగా, అతుకు మీద అతుకు పెట్టాడు. పొయ్యి మూల అంతా కాయకట్టినట్టు గడ్డలు గడ్డలుగా తయారైంది. మందం పెరిగినకొద్దీ అక్కడ స్టీలు బిగుసుకుపోయి, కాగినప్పుడు సాగలేక ఇంకోపక్క పగులుతుంది. ఇదీ ఆయన నేర్పిందే! నాకు నేర్పినవన్నీ నా కళ్ళముందే ఆయన తిరగేసి చేస్తుంటే, లైటు పట్టుకుని నిలబడి చూడటం నా పని.

అత్తయ్య తన వైపు నుంచి ఇంకో వైద్యం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే మట్టీ బూడిదా కలిపి ఆ పగులు మీద మెత్తేది. మధ్యాహ్నానికి అది ఎండి పెళ్ళలు పెళ్ళలుగా రాలేది. పాప వాటిని ఏరుకుని నోట్లో పెట్టుకునేది. నేను పాప నోట్లో వేలు పెట్టి తీసేవాణ్ణి. పాప నా వేలు కొరికేది.

*

"నేను మీ అమ్మ దగ్గరికి వెళ్ళిపోతా" అంది నా భార్య ఒకరోజు, పాప వీపు నిమురుతూ. పాప గొంతులో పిల్లికూతలు మాకు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

లోకంలో ఎవరైనా అలిగితే పుట్టింటికి వెళ్తారు. ఉన్నదే పుట్టింట్లో కాబట్టి మా ఆవిడ అలిగి అత్తారింటికి వెళ్తానంటోంది. నవ్వొచ్చింది గానీ నవ్వే మొహం కాదు తనది.

"అంత దూరం బస్సులోనా? ఈ చలిలో పాపని తీసుకునా?"

"ఇక్కడుంటే ఏమవుతోందో వినబడట్లేదా? పొయ్యి వెలిగిస్తే పొగ, ఆపితే చలి. అక్కడ చిన్నిల్లయినా ఊపిరాడుతుంది. ఆదివారం దాకా చూస్తా. తర్వాత నన్ను ఆపొద్దు."

"మీ నాన్నకి చెప్పు."

"చెప్పాను. 'ఈసారి చూడు, ఇంక పగలదు' అంటాడు. ప్రతిసారీ అదే మాట. నువ్వు వెల్డర్వి కదా? ఆయన షెడ్డులో ఉన్నప్పుడు నువ్వు ఇంటికొచ్చి చేసెయ్యొచ్చు కదా? ఎవరి అతుకు, ఎవరి గీకుడు... ఆ పద్ధతి షెడ్డులో పెట్టుకోండి. ఇది ఇల్లు."

ఆ మాట నాకు నచ్చింది. మర్నాడే ఒంట్లో బాగాలేదని చెప్పి షెడ్డులోంచి వచ్చేశాను. గ్రైండరు సంచిలో పెట్టుకుని, నా ఇంటికే నేను దొంగలా వచ్చాను. పొయ్యి చల్లారే ఉంది. కళ్ళజోడు పెట్టుకుని గ్రైండరు ప్లగ్గు గుచ్చేసరికి అత్తయ్య మట్టిగిన్నెతో వచ్చింది.

"వద్దు బాబూ."

"పాపని చూస్తున్నారు కదా అత్తయ్యా."

"చూస్తున్నా. కానీ ఆయన ఇంటికి రాగానే దాన్ని వేళ్ళతో తడుముతాడు. నువ్వు తాకితే ఆయనకి తెలిసిపోతుంది."

"తెలియనివ్వండి. అలిగితే అలుగుతాడు. పాపకంటే ఎక్కువా?"

"అలగడు" అంది. "అలిగితే బాగానే ఉండును. దాన్ని కూడా నువ్వే చేసేశావంటే ఆయనకి ఇంకేం మిగులుతుంది చెప్పు?"

"ఏం మిగలకపోవడమేంటి? షెడ్డుంది, పేరుంది, ఆయన మాటకి ఎదురుచెప్పేవాడు లేడు. అసలు మీరందరూ ఎందుకింత భయపడతారు?"

ఆమె ఏదో చెప్పబోయింది. చెప్పకుండా కిందికి వంగి పగులు మీద మట్టి మెత్తడం మొదలుపెట్టింది. నేను గ్రైండరు ప్లగ్గు పీకి సంచిలో పడేశాను. ఆ ఇంట్లో చంటిపిల్లకి తప్ప ఇంకెవరికీ ఇంగితం లేదని ఆ రోజు నా గట్టి అభిప్రాయం.

*

ఆదివారం ఉదయం మామయ్య మరోసారి వెల్డింగు చేశాడు. మధ్యాహ్నానికి నా భార్య సంచి సర్దుకుని, బూట్లు వేసుకుని, పాపకి రెండు స్వెట్టర్లు తొడిగి నిలబడింది.

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అన్నాడు మామయ్య. "పని అయిపోయింది. నమ్మకం లేకపోతే వెలుగు పెట్టి చూపిస్తా."

ట్యాంకుల అతుకులు మేం అలాగే చూస్తాం. లోపల బల్బు పెట్టి, బయట చీకటి చేస్తే, ఎక్కడైనా సందు ఉంటే అందులోంచి వెలుగు బయటపడుతుంది. ఆయన చెప్పినట్టే కిటికీలకి దుప్పట్లు కట్టాను. బల్బు వెలిగించి పొయ్యి లోపల పెట్టి తలుపు బిగించాను. ముందుగది చీకటైపోయింది.

మామయ్య పొయ్యి ముందు కూర్చుని, మొహం ఆ మూలకి ఆనించినంత దగ్గరగా పెట్టాడు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు, తీరిగ్గా చూశాడు.

"చూశారా?" అన్నాడు. "చుక్క వెలుగు లేదు."

కొత్త అతుకు పక్కనుంచి అగ్గిపుల్లంత పొడవున వెలుగు గీత తిన్నగా బయటికి వస్తోంది. వచ్చి ఆయన చెంప మీదే పడుతోంది. మేం ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడ్డాం.

"అవును" అంది అత్తయ్య. "ఏమీ లేదు."

నా భార్య నావైపు తిరిగింది. పాప తన భుజం మీద గురగురమంటూ ఊపిరి తీస్తోంది.

"ఉంది మామయ్యా" అన్నాను.

"ఎక్కడ?"

"మీ కళ్ళముందే." కాస్త కటువుగానే వచ్చింది.

ఆయన వేలితో వెతికాడు. అతుకు పైన చూశాడు, కింద చూశాడు. వేలు ఒకసారి ఆ వెలుగు మీదుగానే పోయింది. గోటి మీద వెలుగు మెరిసింది. ఆగలేదు, ముందుకి పోయింది. ఇంక చూడలేక నేను పక్కన కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, వేలు తీసుకెళ్ళి పగులు మీద పెట్టాను.

"ఇక్కడా?"

"అక్కడే."

"పొడవెంత?"

"అగ్గిపుల్లంత."

ఆయన వేలు తియ్యలేదు.

"బల్బు ఆపండి" అన్నాడు చివరికి. లేచి, గోడ పట్టుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళూ నేను ఆయన మొండితనం మీద కోపం పెంచుకున్నాను. తీరా చూస్తే అక్కడ మొండితనం కాదు, ఇంకేదో ఉంది. ఇప్పుడీ కోపం తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాలేదు. పోనీ తగ్గిందా అంటే అదీ లేదు. అందుకని అత్తయ్య మీద పడ్డాను.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"వానాకాలం నుంచి. టీ పోస్తే కప్పు పక్కన పోస్తున్నాడు" అంది దుప్పట్లు విప్పుతూ.

"ఒక్కమాట చెప్పొచ్చు కదా!"

"చెప్తే మీరంతా కలిసి షెడ్డు మాన్పిస్తారు. షెడ్డు మానేసిన మేస్త్రిని పొద్దస్తమానం ఇంట్లో ఎవరు భరిస్తారు, నువ్వా?" అని, అంతలోనే దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నా భార్య ఆ రోజు బస్సు ఎక్కలేదు. అలాగని సంచీ విప్పలేదు. అది గుమ్మం పక్కనే ఉంది.

*

తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొయ్యి వెలిగించే మాటే లేదు. అందరం వంటింట్లో, గ్యాసు స్టవ్ చుట్టూ, కోట్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. కిటికీ అద్దాల లోపలివైపు కూడా మంచు పేరుకునేది. మామయ్య షెడ్డుకి రాలేదు. తిండికి పిలిస్తే వచ్చేవాడు, తిని వెళ్ళిపోయేవాడు. నేను పొయ్యి ఊసెత్తితే వినపడనట్టు ఉండేవాడు. చెవులు బాగానే పనిచేస్తాయని నాకు తెలుసు కాబట్టి ఇంకా మండేది. కళ్ళ డాక్టరు పేరెత్తింది నా భార్య. "నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి" అన్నాడు, గోడవైపు చూస్తూ.

షెడ్డులో సుత్తి మేస్త్రి ఏడని అడిగాడు. జలుబన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, జన్మలో మొదటిసారి ఇంకో మాట అడక్కుండా వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం చెయ్యడానికి ఏముంది? పొయ్యి ఆయనది. అతుకులు ఆయనవి. ఆయనకి కనబడట్లేదని తెలిశాక, ఆయన చాటున వాటిని గీకడం ఇంకా నీచంగా అనిపించింది. చెయ్యకపోతే పాప. ఎటు తిరిగినా నేనే వెధవని.

పొగ పోయింది గానీ చలికి పాప దగ్గు ఎక్కువైంది. ఒక సాయంత్రం నా భార్య ఎవరితోనూ ఏమీ అనకుండా పాప టోపీ, మందుసీసా సంచిలో పెట్టి ముడి బిగించింది.

"రేపు పొద్దున బస్సుకి" అంది.

"నేనూ వస్తా దిగబెట్టడానికి" అన్నాను. అత్తయ్య తల వంచుకుని గిన్నెలు కడుగుతోంది. మామయ్య తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. విన్నాడు. వెళ్ళిపోయాడు.

పొద్దున్నే గ్రైండరు చప్పుడికి లేచాను.

ముందుగదిలో నిప్పురవ్వలు. మామయ్య కళ్ళజోడు, తోలు తొడుగులు వేసుకుని పొయ్యి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. గ్రైండరు కాసేపు నడిపి, ఆపి, ఎడమచేతి తొడుగు విప్పి, బొటనవేలితో ఆ చోటు తడిమి చూసుకుని, మళ్ళీ తొడుక్కుని నడుపుతున్నాడు.

"మామయ్యా, ఇటివ్వండి! చేతులు తెగుతాయి!"

"పక్కకి జరుగు" అన్నాడు. "ఎవరి అతుకు వాళ్ళే గీకాలి."

జరిగాను. జరిగానే గానీ ప్లగ్గు మీద చెయ్యి వేసే నిలబడ్డాను. ఆ చలికాలంలో వేసిన అతుకులన్నీ ఒక్కొక్కటే గీకేశాడు. గడ్డలు పోయాయి. మధ్యలో నా భార్య బూట్లు వేసుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆయన ఆపలేదు. చట్రం మూలలో పాత అతుకు ఒకటి ఉంది. నా భార్య పుట్టిన ఏడు వేసింది, చెక్కుచెదరకుండా ఉంది. గ్రైండరు దాని మీద పెట్టాడు.

"అది బాగానే ఉంది కదా మామయ్యా" అన్నాను.

"పగులు మొదలైంది దాని కిందే. అదుంటే నీకు అడ్డం."

అదీ గీకేశాడు. గ్రైండరు పక్కన పెట్టి, పగులు పొడవునా చెయ్యి నిమిరి, కూతురి అడుగుల చప్పుడు వచ్చినవైపు తిరిగాడు.

"బస్సు సాయంత్రం కూడా ఉంటుంది కదమ్మా?"

"ఉంటుంది నాన్నా."

"అయితే సాయంత్రం దాకా ఆగు." తర్వాత నాతో అన్నాడు: "ఇక్కడ ఇప్పుడు నాదంటూ ఏమీ లేదు. కానియ్యి."

*

కానిచ్చాను. పొయ్యి లోపలివైపు నుంచి కిరసనాయిలు పూసి, బయట సుద్ద రుద్దాను. పగులు ఎక్కడిదాకా పోయిందో సుద్ద మీద తడిగీతగా తేలింది. నేననుకున్నదానికంటే పొడవే ఉంది. కొసకి సరిగ్గా కన్నం పెట్టాను. పగులు పొడవునా గాడి తీసి, కిరసనాయిలు వాసన పోయేదాకా తుడిచి, పలకని వేడిచేసి ఆరబెట్టి, రాడ్డు పట్టుకున్నాను.

మామయ్య వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, నాకు వీపుపెట్టి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"కరెంటు ఎక్కువ పెట్టావు. చప్పుడు తేడాగా ఉంది" అన్నాడు తల తిప్పకుండా.

తగ్గించాను.

"కొంచెం కొంచెం వెయ్యి. ఒకేచోట తగలెయ్యకు. కాసేపు ఇటు, కాసేపు అటు."

"తెలుసు మామయ్యా."

"తెలిస్తే అంత తొందరెందుకు?"

అలా సణుగుతూనే ఉన్నాడు, నేను చేస్తూనే ఉన్నాను. సణుగుడు తిరిగొచ్చినందుకు సంతోషించాలో, విసుక్కోవాలో తెలియక రెండూ చేశాను. అయ్యాక దాని మీద వెచ్చటి బూడిద కప్పి, మెల్లగా చల్లారనిచ్చాను. ఆ చల్లారేవరకు అందరం వంటింట్లో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. నా భార్య సంచి మీదే కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక మళ్ళీ కిటికీలకి దుప్పట్లు కట్టాం. బల్బు లోపల పెట్టి తలుపు బిగించాను. మామయ్య ఈసారి పొయ్యి దగ్గరికి రాలేదు. కుర్చీలోంచి లేవలేదు. పాప తల మీద గడ్డం ఆనించి, మాకోసం ఆగాడు.

నల్లగా, నున్నగా ఉంది మూల. పగులు ఉన్నచోట వెలుగు లేదు. కన్నం పూడ్చినచోట లేదు. నాకు గట్టిగా అరవాలనిపించింది.

"ఏమీ లేదు నాన్నా" అంది నా భార్య.

"ఏమీ లేదు" అంది అత్తయ్య కూడా. ఈసారి నిజంగానే తనకి కనబడలేదు.

ఆయన తల నావైపు తిప్పాడు.

"అల్లుడూ," అన్నాడు, "ఉందా?"

అప్పుడు మళ్ళీ చూశాను. వంగి, పక్కనుంచి చూశాను. నేను అతుకు ముగించినచోట, రాడ్డు ఎత్తేసిన చోట, సూదిమొనంత వెలుగు. నిలబడి చూస్తే కనబడదు. దాంట్లోంచి పొగ ఏపాటి వస్తుంది? నాలుగురోజులు మంట వేస్తే మసి పట్టి అదే పూడుకుపోతుంది. ఇద్దరు ఆడవాళ్ళు లేదన్నారు. నేనూ లేదంటే బస్సు తప్పిపోతుంది, పొయ్యి వెలుగుతుంది, ఇంటిల్లిపాదీ వెచ్చగా పడుకుంటారు. ఆయనకి తెలిసే దారి లేదు. ఆయన అడిగింది నన్ను.

"ఉంది మామయ్యా" అన్నాను. "ఆవగింజంత. నేను ముగించినచోట."

నా భార్య నావైపు చూసిన చూపుకి ఆ చీకట్లో కూడా ఒళ్ళు కాలింది.

మామయ్య నవ్వాడు. ఆ చలికాలం మొత్తంలో ఆయన నవ్వడం అదే మొదలు. కోటు జేబులో వెతికి, చిన్న సుద్దముక్క తీసి, చెయ్యి చాచాడు. నేనున్న చోటికి కాస్త పక్కగా చాచాడు. నేనే జరిగి అందుకున్నాను.

"సున్నా చుట్టు" అన్నాడు. "నాక్కూడా కనబడేంత పెద్దది."

వెనకాల సంచి మీద కూర్చుని నా భార్య బూట్లు విప్పుతోంది. నేను పెద్దగానే చుట్టి, గ్రైండరు అందుకున్నాను.